గురువు లేని 21 రోజులు

ఈసారి ఉత్తరం హైదరాబాద్ నుంచి. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన భాగం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

"అమ్మా, నమస్కారం. నాకు 37 ఏళ్లు. 9వ ఏట కూచిపూడి మొదలుపెట్టాను. 13 ఏళ్లుగా సొంతంగా క్లాసులు చెబుతున్నాను, ఇప్పుడు 40 మందికి పైగా పిల్లలు ఉన్నారు. బెంగళూరు శివార్లలో శాస్త్రీయ నర్తకుల కోసం ఒక రెసిడెన్సీ ఉందని తెలిసి దరఖాస్తు పెట్టాను, రమ్మన్నారు. 21 రోజులు. ఒక గది, రోజుకు 6 గంటలు హాలు, రెండు పూటలా భోజనం, అంతే. గురువు ఉండరు, పాఠం ఉండదు, చివర్లో ప్రదర్శన కూడా అక్కర్లేదట. 'మీ పని మీరే నిర్ణయించుకోండి' అన్నారు. ఖర్చు మనదే. మా అత్తగారేమో 'నేర్చుకోవడానికీ కాదు, ఆడటానికీ కాదు, మరెందుకమ్మా వెళ్ళడం?' అన్నారు. నాకు జవాబు తట్టలేదు. మా గురువుగారికి చెబితే నొచ్చుకుంటారేమోనని భయం. ఇవన్నీ పక్కన పెట్టినా, అంత ఖాళీ సమయం చేతికిస్తే నేనేం చేస్తానో నాకే తెలియడం లేదు. వెళ్ళనా, మాననా?"

వెళ్ళండమ్మా. వెళ్ళాలా వద్దా అన్నదొక్కటే అడిగి ఉంటే ఇక్కడితో ఆపేసేదాన్ని. అక్కడికి వెళ్ళి ఏం చేయాలన్నది మాత్రం ఒక్క మాటలో తేలదు.

మీ ఉత్తరంలో పిల్లల గురించి రెండు పేజీలు ఉన్నాయి. ఎవరి రంగప్రవేశం ఎప్పుడో, ఎవరికి తాళం నిలవదో, ఎవరి తల్లి ఫోన్ చేసి ఏమన్నదో అన్నీ రాశారు. మీరు ఆడటం గురించి మాత్రం ఒకే వాక్యం ఉంది, అదీ పిల్లల వార్షికోత్సవంలో ఆఖర్న ఆడిన తరంగం గురించి. అందుకే ముందు 13 ఏళ్లు పాఠం చెప్పిన ఒంటికి ఏమవుతుందో చెబుతాను. మీ ఒంటితో సరిపోల్చుకోండి.

పిల్లలకు ఎదురుగా నిలబడి నేర్పుతాం కాబట్టి వాళ్ళ కుడి మనకు ఎడమ. ఏళ్ల తరబడి అడవులన్నీ, అంటే నాట్యంలోని అడుగులన్నీ, తిరగేసి చేస్తూ ఉంటాం. మోకాళ్లు వంచి నిలిచే మండలంలో పూర్తిగా కూర్చుని చూపించేది మొదటి రెండు ఆవర్తాలే. ఆ తర్వాత మోకాళ్లు లేచిపోతాయి, చేతులతో చూపిస్తూ నోటితో జతి చెబుతూ కర్రతో పలక మీద తాళం వేస్తాం. బాగా వేగంగా ఆడే మూడో కాలం పిల్లలు చేస్తారు, మనం చూస్తాం. ఇక అభినయం. 8 ఏళ్ల పిల్లకు అలక అంటే ఏమిటో తెలియాలంటే కనుబొమలు బాగా పైకెత్తాలి, మూతి బాగా తిప్పాలి. పాఠానికి అది అవసరమే. కాని ఆ పెద్ద అలక మెల్లగా మన సత్యభామ ముఖంలోకి వచ్చి కూర్చుంటుంది. ఒక సభలో ఆడిన నా వీడియో చూసుకున్నప్పుడు నాకది కనిపించింది. నేను సత్యభామలా అలగడం లేదు, సత్యభామ ఎలా అలుగుతుందో మూడో బెంచీ దాకా కనిపించేలా పాఠం చెబుతున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీ అత్తగారికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. వీణకు మేళం కట్టించడం ఆవిడకు తెలిసే ఉంటుంది. రోజూ మీటే వీణకు మెట్లు అరుగుతాయి, మైనం కదులుతుంది, స్వరం రవ్వంత పక్కకు జరుగుతుంది. అప్పుడు వీణను కొన్నాళ్లు పాఠాలకూ కచేరీలకూ తీయకుండా మెట్లు విప్పి, కొత్త మైనం పోసి, ఒక్కో మెట్టూ చెవితో సరిచూసి మళ్ళీ నిలబెడతారు. ఆ రోజుల్లో వీణ నేర్చుకోవడమూ లేదు, వాయించడమూ లేదు. అయినా అది వృథా అని ఏ వైణికుడూ అనుకోడు. మీరు వెళ్తున్నది ఆ పని మీద. పెద్దావిడ అడిగింది న్యాయమైన ప్రశ్న, విసుక్కోకుండా కూర్చోబెట్టి ఈ మాట చెప్పండి.

నేను కూడా ఒకసారి ఇలా వెళ్ళాను. అప్పటికి మన దగ్గర రెసిడెన్సీ అనే మాట ఎవరూ అనేవాళ్ళు కాదు. నాకు 39 ఏళ్లు, మీకున్నట్టే ఇంటినిండా పిల్లలు. కృష్ణా జిల్లా మొవ్వలో మా పెదనాన్నగారి ఇల్లు ఉండేది. మొవ్వ అంటే పదాలనే శృంగార గీతాలు రాసిన క్షేత్రయ్య ఊరు, కూచిపూడికి పక్క ఊరు. డిసెంబరులో మూడు వారాలు అక్కడ ఉంటానని వెళ్ళాను. పెట్టెలో చీరల కన్నా క్యాసెట్లే ఎక్కువ. 6 అంశాలు సరిచేసుకోవాలని, 2 కొత్తవి కూర్చుకోవాలని చీటీ రాసుకున్నాను. మొదటి 5 రోజులూ ఆ చీటీ చుట్టూ పరుగెత్తడంతోనే గడిచిపోయాయి. పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. దేంట్లోనూ కొత్తగా ఒక్క చూపు కూడా రాలేదు. ఇంట్లో చేసేదే మరో ఊళ్ళో చేశాను.

6వ రోజు గాలివానకు కరెంటు పోయింది. టేప్ రికార్డర్ బ్యాటరీలు మధ్యాహ్నానికే అయిపోయాయి. వసారాలో కూర్చుని నేనే పదం పాడుకుంటూ అభినయం మొదలుపెట్టాను. క్యాసెట్‌లో పల్లవి నాలుగుసార్లు వస్తుంది, నా దగ్గర నాలుగు సంచారులు, అంటే ఆ పంక్తిని విప్పి చెప్పే నాలుగు రకాల అభినయాలు, ఉన్నాయి. నాలుగూ అయ్యాయి. టేప్ లేదు కదా, నోరు దాని పాటికది అయిదోసారి పల్లవి ఎత్తుకుంది. చేతులు ఆగిపోయాయి. 17 ఏళ్లుగా ఆడుతున్న పదంలో అయిదోసారి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అప్పుడు అర్థమైంది, ఆ పదం నాకు వచ్చని అనుకున్నాను గాని నాకు వచ్చింది ఆ క్యాసెట్టేనని.

మా పెద్దమ్మ అక్కడే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నాట్యం సంగతి ఆవిడకు ఏమీ తెలియదు. "ఏమే, ఆగావు?" అంది. "నాయకుడి కోసం ఎదురుచూస్తోంది పెద్దమ్మా, ఇంకా ఎలా చూపించాలో తెలియడం లేదు" అన్నాను. అప్పటికి నాలుగుసార్లూ చెయ్యి అడ్డం పెట్టి దూరంగా దారి వైపే చూశాను. ఆవిడ తల ఎత్తకుండానే అంది: "ఎదురుచూసే ఆడది గుమ్మం వైపు చూడదే. చూస్తే లోకువ. వింటుంది." ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుని, కళ్ళు తిప్పకుండా, చెవితో ఎదురుచూడటం ఎలాగో వెతుక్కున్నాను. మెడ ఎంత వంగాలి, చేతిలో అల్లుతున్న పూలదండ ఏ అడుగుల చప్పుడుకు ఆగాలి, ఆ అడుగులు వీధిలో ముందుకు వెళ్ళిపోయాక వేళ్ళు మళ్ళీ ఎంత ఆలస్యంగా కదలాలి. మిగిలిన రెండు వారాలూ ఆ ఒక్క పల్లవితోనే ఉన్నాను. చరణం దాకా వెళ్ళలేదు. ఆ తర్వాత ఆడిన ఏళ్లన్నింటికీ నాకు తిండి పెట్టింది ఆ రెండు వారాలే.

అందుకే మొదటి సలహా: ఒకే ఒక్క అంశం తీసుకెళ్ళండి. ఒక పదమో, భామాకలాపంలో పాత్ర ఆడే పాట, అంటే ఒక దరువో. రెండోది వద్దు. "ఒకవేళ మొదటిది విసుగు పుడితే" అని రెండోది పెట్టెలో వేసుకుంటే మొదటిది 3వ రోజే విసుగు పుట్టిస్తుంది. విసుగు పుట్టాలి, పుట్టాక కూడా మీరు అక్కడే ఉండాలి, అయిదోసారి పల్లవి వచ్చేది అప్పుడే. కొత్త అంశం కూర్చుకుని తిరిగొచ్చి రవీంద్రభారతిలో ఆడాలన్న ఆలోచన ఉంటే దాన్ని ఇంకో నెలకు వాయిదా వేయండి.

నన్నడిగితే పదమే తీసుకోండంటాను. సత్యభామ రంగం మీదికి వచ్చే ప్రవేశ దరువు మీ ఒంటికి బాగా అలవాటైపోయి ఉంటుంది. తెర మీద జడ వేయడం నుంచి చివరి ముక్తాయింపు దాకా ఒళ్ళే ఆడేస్తుంది, మిమ్మల్ని అడగదు. పదం అలా సాగదు. మాట మాటకీ మనల్ని ఆపి ప్రశ్న వేస్తుంది. క్షేత్రయ్య 17వ శతాబ్దం వాడు. మన తెలుగే అయినా కొన్ని మాటలకు ఇవాళ మనం అనుకునే అర్థం వేరు, అప్పటిది వేరు. చిన్నప్పుడు గురువుగారు చెప్పిన తాత్పర్యంతో ఆడేస్తూ ఉంటాం, ఒక్కొక్క మాటా విడివిడిగా తూచి చూడం. చెన్నపట్నంలో వీణ ధనమ్మాళ్ ఇంట్లో ఈ తెలుగు పదాలను తరాల పాటు ఎంత ప్రాణంగా కాపాడుకున్నారో, ఆ ఇంటి మనవరాలు, భరతనాట్య నర్తకి బాలసరస్వతి ఒకే పంక్తిని ఎన్ని రకాలుగా విప్పి చూపేవారో నాట్యలోకమంతా చెప్పుకుంటుంది. తెలుగువాళ్ళం మనం ఆ పంక్తిని నాలుగు సంచారులతో ముగించేస్తున్నాం. ఇది నాకు నిజంగా బాధ.

ఇక రోజు ఎలా గడపాలన్నది. మొదటి వారం రికార్డింగు ముట్టుకోకండి. మన కూచిపూడిలో వాచికం ఉంది, భాగవతులు తామే పాడుతూ, మాట్లాడుతూ ఆడారు. మీ గొంతు బాగుండక్కర్లేదు, శ్రుతి పెట్టె పక్కన పెట్టుకుని తాళం వేసుకుంటూ మెల్లగా పాడుకోండి. రికార్డింగు పెడితే పంక్తి ఎన్నిసార్లు రావాలో అది నిర్ణయిస్తుంది, ఎక్కడ ఊపిరి తీయాలో కూడా అదే నిర్ణయిస్తుంది. మీరు పాడుకుంటే ఆ రెండూ మీ చేతిలోకి వస్తాయి.

పొద్దున్న గంటన్నర నృత్తం, అంటే అభినయం లేని అడుగుల సాధన, చాలు. మొదటి కాలంలో, గజ్జెలు లేకుండా, మీ సొంత కుడివైపు నుంచి. నవ్వొద్దు, మొదటి 2 రోజులు కుడి ఎడమల దగ్గరే తడబడతారు. అద్దం ఉంటే దుప్పటి కప్పండి. మనం అద్దం ముందు నిలబడగానే పాఠం చెప్పడం మొదలుపెడతాం, ఎదురుగా ఉన్న మనిషికి.

మధ్యాహ్నం హాలు వదిలేయండి. 6 గంటలు ఇచ్చారు కదా అని 6 గంటలూ వాడాలని లేదు. పదాన్ని చేత్తో రాసుకోండి, ఒక్కో మాట కింద అర్థం, దాని కింద మీకు తోచిన ప్రశ్న. ఈ మాట ఎవరితో అంటోంది, చెలికత్తెతోనా, తనలో తనా? రాత్రి ఏ జాము? ఈమె వయసెంత? మన నాయికలందరికీ మనం 20 ఏళ్లే ఇస్తాం. మీకు 37, అదే వయసు ఆమెకు ఇచ్చి చూడండి. ఇంట్లో దీపం ఆర్పేసి ఉందా, వెలుగుతోందా అన్నది మారితే చూపు ఎంత మారిపోతుందో మీకే తెలుస్తుంది.

సాయంత్రం అభినయం కూర్చుని చేయండి. కోనసీమ ప్రాంతంలో కలావంతులు, అంటే తరతరాలుగా నాట్యమే వృత్తిగా ఉన్న స్త్రీలు, మేజువాణి అనే కచేరీలో పదాన్ని కూర్చుని కూడా అభినయించేవారు. ఆ స్త్రీల కళకు దక్కాల్సిన గౌరవం దక్కలేదు, వాళ్ళ దగ్గర ఉన్నదంతా మనకు చేరనూ లేదు. కాని కూర్చుని అభినయించడంలో ఎంత ఉందో చేసి చూస్తే తెలుస్తుంది. కాళ్లు లేవు, రంగస్థలం మీద తిరగడం లేదు, గజ్జెల చప్పుడు వెనక దాక్కోవడానికి లేదు. ముఖం, మెడ, చేతులు, ఊపిరి, ఇవే. పక్క గదిలో కథక్ నర్తకి ఉంటే లక్నో వాళ్ళ ఠుమ్రీ భావం కూర్చుని ఎలా చెబుతారో చూపించమని అడగండి. అడిగి ఊరికే చూడండి. "మీది నాకు నేర్పండి, నాది మీకు నేర్పుతాను" అని మొదలుపెడితే 21 రోజులూ వర్క్‌షాపులతోనే సరిపోతాయి. మనలాంటి టీచర్లకు ఆ బలహీనత ఉంది, ఎవరికైనా ఏదైనా నేర్పకుండా ఉండలేం.

ఫోను రోజుకు ఒక్కసారి, రాత్రి భోజనం తర్వాత ఇంటికి. సాధన చేస్తున్న ముక్క తీసి స్టేటస్‌లో పెట్టకండి. మొదటి 10 రోజులు వీడియో అసలు తీసుకోవద్దు. తీసిన మరుక్షణం ఆడటం ఆగిపోతుంది, చూపించడం మొదలవుతుంది. 10వ రోజు తర్వాత వారానికి ఒకటి చాలు, అదీ మీరు చూసుకోవడానికి.

కాళ్ల గురించి మాత్రం కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఇలా వెళ్ళినవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇంట్లో వారానికి 4, 5 గంటలు ఆడే మనిషి ఒక్కసారిగా రోజుకు 5 గంటలు ఆడితే ముందుగా చెప్పేవి మోకాలి కింది ఎముకలు, ఆ తర్వాత మడమలు. హాలు నేల ఏమిటో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి. "చెక్క నేల" అంటారు. దాని కింద ఖాళీ ఉందా, లేక సిమెంటు మీదే చెక్క అతికించారా అని అడగండి, ఆ రెండిటికీ చాలా తేడా ఉంది. గ్రానైటో టైల్సో అయితే బలంగా తట్టే అడవులు రోజుకు అరగంటకు మించనీయకండి, మిగిలిన నృత్తం మెత్తగా చేయండి. గజ్జెలు 5వ రోజు కట్టండి, మూడో కాలం రెండో వారంలో. వారానికి ఒక రోజు పూర్తిగా సెలవు, ఆ రోజు అడుగు కూడా వేయొద్దు. కండరం నొప్పి అంటే ఒక ప్రదేశమంతా లాగినట్టు ఉంటుంది, అది రెండు రోజుల్లో తగ్గుతుంది. అలా కాకుండా ముంగాలి ఎముక మీద ఒక్క వేలితో నొక్కితే సరిగ్గా ఒకేచోట పొడిచినట్టు నొప్పి వస్తే ఆ రోజే ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి. ఎముకలో సన్నని చీలిక కావచ్చు. మా వాళ్ళలో ఒకమ్మాయి ఓర్చుకుని ఆడి నెలల తరబడి మంచంలో ఉంది. ఓర్చుకోవడాన్ని మనకు చిన్నప్పటి నుంచి గొప్పగా నేర్పారు, ఇక్కడ అది పనికిరాదు.

మీ గురువుగారి సంగతికి వస్తాను. మీ భయం నాకు అర్థమైంది. మన విద్యలో గురువును దాటి ఒక్క హస్తం మార్చినా అపరాధం అనుకుంటూ పెరిగాం. కాని వారికి చెప్పకుండా మాత్రం వెళ్ళకండి. ఇంకొకరి నోటి ద్వారా తెలిస్తేనే నొచ్చుకుంటారు. పండూ తాంబూలం తీసుకుని వెళ్ళి, "మీరు నేర్పిన పదంతోనే మూడు వారాలు కూర్చోవాలనుకుంటున్నాను. వెళ్ళేముందు ఒక్కసారి మీ నోట వినాలని వచ్చాను, పాడి చెప్పండి" అని అడగండి. రికార్డు చేయకండి, వినండి. "మీరు ఈ పదం నేర్చుకున్నప్పుడు మీ గురువుగారు ఏమన్నారు?" అని కూడా అడగండి. పెద్దలు సాధారణంగా ఈ ప్రశ్నకు కరిగిపోతారు. వారి నుంచి వచ్చిన ఆ ఒక్క మాటను వెంట తీసుకెళ్ళండి. అప్పుడది గురువును వదిలి వెళ్ళినట్టు కాదు.

ఒంటరిగా వెతుక్కోవడం మన సంప్రదాయంలో లేదని ఎవరైనా అంటే నటరాజ రామకృష్ణ గారి సంగతి చెప్పండి. పేరిణి నేర్పే గురువు ఆయనకు దొరకలేదు, ఆ నృత్యం మరుగున పడి శతాబ్దాలైంది. కాకతి గణపతిదేవుడి గజసేనాధిపతి జాయప 13వ శతాబ్దంలో రాసిన నృత్త రత్నావళి ఉంది, పాలంపేట రామప్ప గుడి గోడల మీద శిల్పాలు ఉన్నాయి. ఆ రాతిని, ఆ గ్రంథాన్ని పక్కపక్కన పెట్టుకుని ఆయన పేరిణిని మళ్ళీ నిలబెట్టారు. ఇవాళ తెలంగాణలో పిల్లలు పేరిణి నేర్చుకుంటున్నారంటే ఆయన చేసిన వెతుకులాటే కారణం. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక చూసేవాళ్ళు పెరిగారు గాని, మన నర్తకులు అక్కడ ఒక పూట కూర్చుని మదనిక అనే నర్తకి శిల్పం ఒక్కదానిదైనా నడుము వంపు, బరువు పెట్టిన కాలు, చూపు దిశ గీసుకుని రావడం నేను అరుదుగా చూశాను. హైదరాబాద్‌లో ఉన్నారు కదా, బెంగళూరు వెళ్ళేముందు ఒక శనివారం వెళ్ళిరండి.

బెంగళూరు దగ్గరే హెసరఘట్టలో నృత్యగ్రామ్ ఉంది, వీలైతే అక్కడ ప్రదర్శన ఉన్న రోజు చూసి వెళ్ళండి. 1990లో ప్రొతిమా బేడి పెట్టిన ఒడిస్సీ గురుకులం అది. మీరు వెళ్తున్నది వేరే రకం చోటే అయినా, తిండి, నిద్ర, నడక అన్నీ నాట్యం చుట్టూ తిరిగేలా బతుకును అమర్చుకుంటే ఒళ్ళు ఎలా మారుతుందో అక్కడి నర్తకుల కాళ్లు చూస్తే తెలుస్తుంది.

డబ్బు గురించి మీరు నేరుగా రాయలేదు, "ఖర్చు మనదే" అని ఒక్క మాట మాత్రం ఉంది. భారమైతే మొహమాటపడకండి. పనికి బెంగళూరే కావాలని లేదు. విజయవాడకు సుమారు 60 కిలోమీటర్లలో కూచిపూడి ఉంది. అక్కడో మొవ్వలోనో తెలిసినవాళ్ళ ఇంట్లో గది, మట్టి నేలో చెక్క నేలో ఉన్న ఒక వసారా దొరికితే అదే మీ రెసిడెన్సీ. పొద్దున్నే రామలింగేశ్వరుడి గుడికీ బాలాత్రిపురసుందరి దగ్గరికీ వెళ్ళి దణ్ణం పెట్టుకుని వచ్చి మొదలుపెట్టొచ్చు. తరాల భాగవతులు గజ్జె కట్టేముందు మొక్కిన అమ్మవారు. ఒక్కటే ఇబ్బంది. నర్తకి వచ్చిందని తెలిస్తే చూసిపోవడానికి జనం వస్తారు, మా అమ్మాయికి నాలుగు అడుగులు నేర్పమంటారు. బెంగళూరులో మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు, మీకు కావాల్సింది ఎక్కువగా అదే. కాబట్టి చేతిలో డబ్బు ఉంటే బెంగళూరే నా ఓటు. ముందుముందు ఇంకా పెద్ద పని పెట్టుకోవాలనుకుంటే కేంద్ర సాంస్కృతిక శాఖ ఫెలోషిప్‌లు ఉన్నాయి. 25 నుంచి 40 ఏళ్ల వాళ్ళకు జూనియర్ ఫెలోషిప్, నెలకు 10,000 రూపాయలు, రెండేళ్ల పాటు. మీకు ఇంకా మూడేళ్ల వ్యవధి ఉంది. నోటిఫికేషన్ పడినప్పుడు దరఖాస్తులో ఏ అంశం మీద పనిచేస్తారో స్పష్టంగా రాయాలి. ఈ 21 రోజుల నోటుపుస్తకం అప్పుడు మీకు పనికొస్తుంది.

క్లాసుల సంగతి తేలికే. పెద్ద పిల్లల్లో ఇద్దరికి అప్పగించండి, కొత్త అంశం నేర్పొద్దని, అడవులూ జతులూ తిప్పించమని చెప్పండి. తల్లిదండ్రులకు తేదీలు ముందే రాసి ఇవ్వండి. ఒకరిద్దరు పిల్లలు మానేయొచ్చు, మాననివ్వండి. సంక్రాంతి, దసరా, వార్షికోత్సవం నెలలు తప్పించి తేదీ పెట్టుకోండి, లేకపోతే ఒళ్ళు అక్కడ, మనసు ఇక్కడ.

తిరిగొచ్చాక "ఏం తెచ్చావు?" అని అడుగుతారు. సభ పెట్టకండి. ఒక సాయంత్రం మీ ఇంట్లోనే, గజ్జెలు లేకుండా, కూర్చుని, పాడుకుంటూ ఆ పల్లవి ఒక్కటి ఆడండి. మీ గురువుగారిని పిలవండి, మృదంగం వాయించే ఆయన్ని పిలవండి. ముందు వరుసలో మీ అత్తగారిని కూర్చోబెట్టండి. ఎందుకు వెళ్ళావని అడిగింది ఆవిడే కాబట్టి చూసే హక్కు ఆవిడకే ముందు ఉంది. పైగా ఆడది ఎలా ఎదురుచూస్తుందో నాట్యం రానివాళ్ళకే బాగా తెలుస్తుందని మా పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నాను. బాగుందా అని అడగొద్దు, "ఆమె ఏం చేస్తోందనిపించింది అత్తయ్యా?" అని అడగండి.

పాత గజ్జెలే తీసుకెళ్ళండి. 8వ రోజున నాకు ఇంకో ఉత్తరం రాయండి, ఏ మాట దగ్గర ఆగిపోయారో ఆ మాటతో మొదలుపెట్టి.